నేరం నాటి మనసును ఎలా చదువుతారు?

2021 ఏప్రిల్‌లో సూర్యాపేట జిల్లా మోతె మండలంలోని ఒక తండాలో ఏడు నెలల పసిపాప తల్లి చేతుల్లోనే ప్రాణం విడిచింది. తనకు సర్పదోషం ఉందని, పాపను బలిస్తే అది పోతుందని నమ్మి ఆమె ఈ పని చేసిందన్నది అభియోగం. నాలుగేళ్లకు, 2025 ఏప్రిల్‌లో, సూర్యాపేట కోర్టు ఆ తల్లికి మరణశిక్ష విధించింది. వార్త విన్నవాళ్లలో కొందరు ‘మూఢనమ్మకం ఎంత పని చేయించింది’ అన్నారు. ఇంకొందరు ‘మతి స్థిమితంగా ఉన్న తల్లి చేసే పనేనా ఇది’ అన్నారు. మాటల్లో పెద్ద తేడా కనిపించదు గానీ, చట్టం దృష్టిలో ఈ రెంటికీ మధ్య ఒక మనిషి ప్రాణమంత తేడా ఉంది. మొదటిది నిజమైతే శిక్ష తప్పదు. రెండోది నిజమై, చట్టం కోరిన మేరకు రుజువైతే ఆ పని నేరమే కాదు. అప్పుడు మనిషికి కావలసింది చికిత్స, భద్రమైన సంరక్షణ.

ఆ తేడాను తరచి చూసే వైద్యశాఖ పేరు ఫోరెన్సిక్ సైకియాట్రీ. న్యాయ మానసిక వైద్యం అని మనం చెప్పుకోవచ్చు. సూర్యాపేట కేసులోని తల్లికి జబ్బు ఉందో లేదో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి పరీక్షించకుండా జబ్బు పేరు చెప్పడం తప్పని అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లోనే నియమం పెట్టుకుంది. వైద్యులకే తగని పని మనకు అసలే తగదు. అయితే ఇలాంటి కేసుల్లో ఎవరు, ఏం, ఎప్పుడు పరీక్షించాలన్నది మాత్రం అందరం తెలుసుకోవాలి. ముఖ్యంగా ఆ ‘ఎప్పుడు’ అన్నది. ఆలస్యమైతే ఎంత గొప్ప డాక్టరైనా, ఎంత ఓపికగల జడ్జి అయినా చేయగలిగింది తక్కువ.

మూడు కాలాలు, మూడు ప్రశ్నలు

మానసిక వైద్యుణ్ని కోర్టు మూడు వేర్వేరు కాలాల గురించి అడుగుతుంది. మొదటిది నేరం జరిగిన క్షణం. భారత శిక్షాస్మృతిలో 84వ సెక్షన్‌గా ఉండి, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్ అయిన నియమం దీనికి ఆధారం. మతి చెడినందువల్ల, తాను చేస్తున్నది ఏమిటో, లేదా అది తప్పో చట్టవిరుద్ధమో తెలుసుకోలేని స్థితిలో చేసిన పని నేరం కాదని దాని సారం. దీని మూలం ఇంగ్లండులో ఉంది. 1843లో డేనియల్ మెక్‌నాటన్ అనే అతను ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమండ్‌ను కాల్చి చంపాడు. అధికార పక్షం తనను వెంటాడి వేధిస్తోందన్నది అతని భ్రమ. జ్యూరీ అతన్ని నిర్దోషిగా తేల్చితే దేశమంతా అట్టుడికింది. అప్పుడు ప్రభువుల సభ న్యాయమూర్తులను అడిగి రాబట్టిన జవాబులే ఇవాళ్టి మన చట్టానికి పునాది.

రెండోది విచారణ కాలం. ముద్దాయి తన మీద కేసేమిటో గ్రహించగలడా? సాక్షి చెప్పింది తప్పైతే తన వకీలు చెవిలో ఆ మాట వేయగలడా? అలా చేయలేని స్థితిలో ఉన్నాడని కోర్టుకు అనిపిస్తే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 367, 368 సెక్షన్ల కింద ముందు వైద్యపరీక్ష చేయించాలి. మనసు కుదుటపడేదాకా విచారణ ఆగుతుంది, తర్వాత మళ్లీ సాగుతుంది. ఇక్కడ దొరికేది వాయిదాయే, విడుదల కాదు.

మూడోది శిక్ష వేసే కాలం. దాని సంగతి తర్వాత చూద్దాం.

సివిల్ కోర్టులకూ ఈ శాస్త్రంతో పనుంది. మంచం పట్టిన పెద్దాయన వీలునామా మీద వేలిముద్ర వేసిన రోజున ఆయనకు సోయి ఉందా లేదా అన్న తగాదా మన ఊళ్లకు కొత్త కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 59వ సెక్షన్ ప్రకారం, వీలునామా రాసేవాళ్లకు ఆ సమయంలో మనసు స్థిమితంగా ఉండాలి. మామూలుగా మతి తప్పినా, మధ్యలో తెలివిగా ఉన్న సమయంలో రాసింది చెల్లుతుంది. ఇక్కడా ప్రశ్న కాలం గురించే.

జబ్బు వేరు, చట్టం అడిగేది వేరు

మానసిక రోగి అని డాక్టరు చీటీ ఉంటే కేసు కొట్టేస్తారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. సుప్రీంకోర్టు ముందుకొచ్చిన రెండు కేసులను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

మహారాష్ట్రలో ఒక పోలీసు కానిస్టేబుల్ 1994లో పట్టపగలు తన భార్యను రోలు రాయితో కొట్టి చంపాడు. శ్రీకాంత్ ఆనందరావు భోసలే కేసుగా 2002లో తీర్పు వచ్చింది. అతనికి పారనాయిడ్ స్కిజోఫ్రీనియా ఉందని, 1992 నుంచే వైద్యం జరుగుతోందని ఆసుపత్రి రికార్డు చెప్పింది. తండ్రికీ మానసిక జబ్బు ఉండేది. ఘటన తర్వాత కొద్ది నెలల్లోనే అతన్ని 25 సార్లు ఆసుపత్రికి తీసుకెళ్లారు. చంపడానికి చెప్పుకోదగ్గ కారణం లేదు. పారిపోలేదు, దాక్కోలేదు. ఇవన్నీ కలిపి చూసి కోర్టు అతనికి 84వ సెక్షన్ రక్షణ ఇచ్చింది.

జార్ఖండ్‌కు చెందిన సురేంద్ర మిశ్రా కేసులో 2011లో తీర్పు వేరేగా వచ్చింది. అతను మానసిక వైద్యం చేయించుకున్న మాట నిజమే. కానీ కాల్చి చంపాక అక్కడి నుంచి పారిపోయి, తుపాకీని బావిలో పడేశాడు. దొరికిపోతానన్న భయం ఉన్నవాడికి తాను చేసింది తప్పని తెలిసినట్టే కదా అని కోర్టు తర్కించింది. జబ్బుపడిన ప్రతి ఒక్కరికీ మినహాయింపు రాదని, చట్టం చెప్పే మతిభ్రమణం వైద్యం చెప్పే జబ్బు కన్నా ఇరుకైనదని స్పష్టం చేసింది.

మతి స్థిమితం తప్పిందన్న వాదనను రుజువు చేసే భారం ముద్దాయి మీదే ఉంటుంది. అయితే నేరం మోపిన ప్రభుత్వం అనుమానానికి తావు లేకుండా నిరూపించాలి గానీ, ముద్దాయికి అంత బరువు లేదు. సివిల్ దావాలోలాగా, తన వాదనకే మొగ్గు ఉందని చూపితే చాలని 1964లో దాహ్యాభాయ్ ఠక్కర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసుల బాధ్యత కూడా చిన్నదేం కాదు. దర్యాప్తులో ముద్దాయికి పాత మానసిక జబ్బు ఉన్నట్టు తెలిస్తే, అతనికి వైద్యపరీక్ష చేయించి ఆ ఫలితం కోర్టు ముందు పెట్టాలి. పెట్టకపోతే అది ప్రాసిక్యూషన్‌కే లోటని 2007లో బాపు అలియాస్ గుజ్‌రాజ్ సింగ్ కేసులో, 2018లో దేవిదాస్ లోకా రాథోడ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఈ బాధ్యత మోసేది ఢిల్లీలో కూర్చున్నవాళ్లు కాదు, మోతెలోనో మక్తల్‌లోనో ఉన్న స్టేషన్ అధికారి.

వార్డులో ఏం చూస్తారు?

నేరం జరిగిన చోటికి డాక్టరు వెళ్లలేడు. ముద్దాయి తన ముందుకు వచ్చేసరికి వారాలు, ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతాయి. అప్పుడు చేసేది, ఎండిన చెరువులో నీళ్లు ఏ మట్టం దాకా వచ్చాయో గట్టు మీది చారలు చూసి చెప్పడం లాంటి పని. చారలు ఎన్ని మిగిలి ఉంటే అంత నిక్కచ్చిగా చెప్పవచ్చు.

మన రాష్ట్రంలో ఈ పనికి పెద్ద దిక్కు హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ. నిజాం కాలంలో జాల్నాలో ఉన్న ఆసుపత్రిని 1953లో ఇక్కడికి మార్చారు. మనవైపు ఎర్రగడ్డ పేరునే తిట్టుగా వాడటం బాధ కలిగించే విషయం. ఎందుకంటే లోపల జరిగే పని చాలా ఓపికైనది, చాలా విలువైనది.

డాక్టరు మొట్టమొదట ముద్దాయికి ఒక మాట చెప్పాలి: ‘నేను మీకు వైద్యం చేయడానికి రాలేదు, కోర్టుకు రిపోర్టు రాయడానికి వచ్చాను. మీరు చెప్పింది అందులోకి వెళ్తుంది.’ ఈ మాట చెప్పకుండా మొదలుపెడితే అది మోసమే అవుతుంది. ఆ తర్వాత మాటలో పొంతన, నిద్ర, జ్ఞాపకం, భయాలు, వినిపించే గొంతులు, తెలివితేటలు అన్నీ పరీక్షిస్తారు. మూర్ఛ, మెదడులో గడ్డ, తలకు పాత దెబ్బ లాంటివి ఉన్నాయేమోనని ఈఈజీ, స్కానింగ్ చేయిస్తారు. ఇంటివాళ్లను, ఇరుగుపొరుగును అడుగుతారు. ఎఫ్‌ఐఆర్, సాక్షుల వాంగ్మూలాలు, జైలు డాక్టరు రాతలు చదువుతారు. ఘటనకు ముందు, ఘటన సమయంలో, తర్వాత ముద్దాయి ఏం చేశాడో గంటల వారీగా పేర్చి చూస్తారు.

కానీ అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది వార్డు నర్సు రాసే రోజువారీ రాత. రాత్రి రెండింటికి పడుకున్నాడా? అన్నంలో విషం కలిపారని పళ్లెం తోసేశాడా? ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు కూడా గోడవైపు తిరిగి మాట్లాడుతున్నాడా? నటించేవాళ్లు సాధారణంగా ఇక్కడే దొరికిపోతారు. డాక్టరు రౌండ్‌కు వచ్చినప్పుడే వింత చేష్టలు, ఆయన వెళ్లగానే పక్క మంచం వాళ్లతో కబుర్లు. నిజంగా స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లు తమ జబ్బును చూపించుకోవాలని ఆరాటపడరు. చాలామంది తమకేమీ లేదని వాదిస్తారు. పగలూ రాత్రీ పది రోజులు నటించడం ఎవరికీ సులువు కాదు. అందుకే ఒక గంట మాట్లాడి ఇచ్చిన సర్టిఫికెట్‌కూ, వార్డులో ఉంచి గమనించి రాసిన రిపోర్టుకూ విలువలో ఎంతో తేడా.

సత్యశోధన పేరుతో మత్తు ఇచ్చి మాట్లాడించే నార్కో పరీక్ష ఈ శాస్త్రంలో భాగం కాదు. మనిషి ఒప్పుకోకుండా అలాంటి పరీక్షలు చేయడం రాజ్యాంగ విరుద్ధమని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

నమ్మకమా, భ్రమా?

దక్షిణ తెలంగాణలో ఈ వైద్యులకు ఎదురయ్యే కఠినమైన ప్రశ్న ఇది. గాలి సోకిందని, చేతబడి చేశారని, బాణామతి పెట్టారని, గుప్తనిధికి బలి కావాలని నమ్మే మనుషులు మన మధ్య ఉన్నారు. వాళ్లంతా రోగులు కారు. తన చుట్టూ ఉన్న సమాజం పంచుకునే నమ్మకాన్ని, అది ఎంత తప్పుడుదైనా, మానసిక వైద్యం భ్రమ అనదు. తన వాళ్లు కూడా ‘ఇదేం మాట’ అని విస్తుపోయేంతగా, ఎన్ని రుజువులు చూపినా కదలని నమ్మకాన్నే భ్రమ అంటుంది.

సర్పదోషాన్నే తీసుకుందాం. ఆ నమ్మకం లక్షల మందికి ఉంది. దానికి లోకం ఒప్పుకున్న పరిహారాలూ ఉన్నాయి: పుట్టలో పాలు పోస్తారు, నాగప్రతిష్ఠ చేస్తారు, శ్రీకాళహస్తి వెళ్లి రాహుకేతు పూజ చేయిస్తారు. నమ్మకం అందరిదీ అయినప్పుడు పరిహారమూ అందరికీ తెలిసినదే అయి ఉంటుంది. అది దాటి, ఎవరూ చెప్పని, ఎవరూ ఊహించని పరిహారానికి మనిషి దిగినప్పుడు వైద్యుడు ఆగి చూడాలి. ఆ ఆలోచన ఎప్పుడు మొదలైంది? అంతకుముందు నిద్ర కరవైందా? ఇంటి పని, ఒంటి శుభ్రం మానేశారా? ఎవరో ఆజ్ఞాపిస్తున్నట్టు గొంతు వినిపించిందా? మరోవైపు, నలుగురు కలిసి ముహూర్తం పెట్టుకుని, లాభం లెక్కవేసుకుని, ఆనవాళ్లు చెరిపేసి చేసిన బలిలో రోగం వెతకడం కష్టం. అక్కడ కనిపించేది అత్యాశ.

బిడ్డను పోగొట్టింది తల్లే అయినప్పుడు ఇంకో పరీక్ష తప్పనిసరి. కాన్పు తర్వాత వచ్చే తీవ్రమైన మతిభ్రమణం ప్రతి 1,000 కాన్పుల్లో ఒకరిద్దరిలో కనిపిస్తుంది. ఎక్కువగా తొలి వారాల్లోనే మొదలవుతుంది, కొందరిలో నెలల తరబడి సాగుతుంది. బ్రిటన్ ఈ సంగతి గుర్తించి 1938 చట్టంలో, ఏడాదిలోపు బిడ్డను చంపిన తల్లి మనసు కాన్పు ప్రభావంతో స్థిమితం తప్పి ఉంటే దాన్ని హత్యగా కాక తక్కువ తీవ్రత గల వేరే నేరంగా చూడాలని రాసుకుంది. మన దేశంలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. కాబట్టి మన దగ్గర ఆ భారమంతా వైద్యపరీక్ష మీదే పడుతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. మానసిక జబ్బు ఉన్నవాళ్లలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు, హాని పొందేదే వాళ్లు. 2022 జనవరిలో నల్లగొండ జిల్లా చింతపల్లి మండలంలో మహంకాళి విగ్రహం పాదాల దగ్గర తెగిపడిన తల కనిపించిన ఘటన గుర్తుండే ఉంటుంది. చనిపోయింది మతిస్థిమితం లేక ఊళ్లు తిరుగుతుండే యువకుడని అప్పట్లో తేలింది.

పాలమూరు కల్లు పెట్టిన చిక్కు

చట్టమూ వైద్యమూ రెండూ తడబడే చోటు కల్తీ కల్లు. చెట్టు నుంచి దించిన కల్లు చాలక, నీళ్లలో అల్ప్రాజోలం, డయజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మడం ఈ ప్రాంతానికి పాత శాపం. 2015 సెప్టెంబరులో దాడులు పెరిగి కల్తీ సరుకు ఆగిపోయినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి జనం గుంపులుగా ఆసుపత్రులకు వచ్చారు. ఫిట్స్, వణుకు, నాలుక కొరుక్కోవడం, పొంతన లేని మాటలు, లేని మనుషులు కనిపించడం.

కారణం మెదడులో ఉంది. నరాల ఉద్రేకాన్ని అణచే గాబా అనే రసాయనానికి ఈ మందులు బలమిస్తాయి. నెలల తరబడి రోజూ మందు పడుతుంటే మెదడు తన సొంత అణచివేతను తగ్గించుకుంటుంది. హఠాత్తుగా మందు ఆగితే ఉద్రేకాన్ని ఆపేదేదీ ఉండదు. అల్ప్రాజోలం అయితే ఒకటి రెండు రోజుల్లోనే, డయజెపాం అయితే ఇంకాస్త ఆలస్యంగా ఈ స్థితి మొదలవుతుంది. అది ముదిరితే మనిషికి పగలో రాత్రో తెలియదు, ఎదురుగా ఉన్నది తమ్ముడో శత్రువో తెలియదు.

ఆ స్థితిలో ఎవరినైనా కొట్టి చంపితే? కావాలని తాగి చేసిన నేరానికి మత్తు సాకు కాదన్నది చట్టం. 1956లో బాసుదేవ్ కేసులో, పెళ్లిలో తప్పతాగి పక్కకు జరగలేదని ఒక పిల్లవాణ్ని కాల్చి చంపిన మాజీ సైనికుడికి సుప్రీంకోర్టు ఆ సాకు ఇవ్వలేదు. తనకు తెలియకుండా, లేదా ఇష్టం లేకుండా మత్తు ఎక్కించినప్పుడే న్యాయ సంహిత 23వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. కల్లు తాగుతున్నానని అతనికి తెలుసు, అందులో అల్ప్రాజోలం ఉందని తెలుసా? పైగా, తాగడం ఆగాక వచ్చిన మతిభ్రమణం మత్తు కాదు, జబ్బు. అప్పుడు చూడాల్సింది 22వ సెక్షన్ కాదా? ఇవి కోర్టులు ఒక్కో కేసులో తేల్చాల్సిన ప్రశ్నలు. వాటికి ఆధారం ఇచ్చేది మాత్రం వైద్యమే.

ఇక్కడ ఒక పెద్ద పొరపాటుకు అవకాశం ఉంది. అరెస్టు చేసి జైల్లో వేస్తే కల్లు ఎటూ ఆగిపోతుంది. రెండో రోజో మూడో రోజో అతను జైల్లో అరవడం, గోడలతో మాట్లాడటం మొదలుపెట్టవచ్చు. అది చూసి నేరం నాడు కూడా ఇంతేనని ఒకరు రాస్తారు, నటిస్తున్నాడని ఇంకొకరు రాస్తారు. రెండూ తప్పు కావచ్చు. ఆఖరిసారి కల్లు తాగింది ఏ రోజు, ఏ పూట అన్న ప్రశ్నకు జవాబు, అరెస్టయిన వెంటనే తీసి భద్రపరిచిన మూత్రం నమూనా, ఈ రెండే నిజం చెప్పగలవు. రోజులు గడిస్తే మూత్రంలో ఆనవాళ్లు చెరిగిపోవచ్చు.

ఉరిశిక్ష ముందు వినాల్సిన మాట

మరణశిక్ష అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసుల్లోనే వేయాలని 1980లో బచన్ సింగ్ తీర్పు చెప్పింది. ముద్దాయి మానసిక స్థితిని, మారే అవకాశాన్ని అందులో లెక్కలోకి తీసుకోవాలంది. 2014లో శత్రుఘ్న చౌహాన్ తీర్పు, తీవ్ర మానసిక రోగిని ఉరితీయకూడదంది. 2022 మే 20న మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. మరణశిక్షకు ఆస్కారమున్న కేసుల్లో ముద్దాయి మానసిక పరీక్షల నివేదికను ప్రభుత్వమే సెషన్స్ కోర్టు ముందు పెట్టాలని, దాన్ని వీలైనంత ముందే సేకరించాలని ఆదేశించింది. నేరం నాటికి దగ్గరగా పరీక్షిస్తేనే నాటి మనసు తెలుస్తుందన్నది ఆ తీర్పు చూపిన కారణం.

పూర్వపు నల్లగొండ జిల్లాకు ఈ మాట ఎంత అవసరమో 2025 చూపించింది. మార్చిలో మిర్యాలగూడ పరువు హత్య కేసులో, ఏప్రిల్‌లో సూర్యాపేట కేసులో, ఆగస్టులో 2013 నాటి బాలిక హత్యాచారం కేసులో, ఒక్క ఏడాదిలోనే మూడు మరణశిక్షలు పడ్డాయి. మూడూ ఒకదానితో ఒకటి పోలిక లేని నేరాలు. కానీ మూడింటిలోనూ నేరానికీ తీర్పుకూ మధ్య వరసగా ఆరున్నరేళ్లు, నాలుగేళ్లు, 12 ఏళ్లు గడిచాయి. తీర్పు రోజున మొదలుపెట్టే మానసిక పరీక్ష అంత వెనక్కి ఎలా చూడగలదు?

బాధితుల కన్నవాళ్లకు ఇదంతా నేరస్తుణ్ని కాపాడే ప్రయత్నంలా తోచవచ్చు. వాళ్ల దుఃఖం ముందు ఏ వాదనా పెద్దది కాదు. అయినా ఒక సంగతి నిజం: మొదట్లోనే సరిగ్గా చేసిన పరీక్ష నటించేవాడి ముసుగు కూడా తీసేస్తుంది. పై కోర్టులో కేసు నిలబడేది అలాంటి రికార్డు ఉన్నప్పుడే. ఆలస్యం వల్ల ఇరుపక్షాలకూ నష్టమే.

దూరం తగ్గింది, అలవాటు మారాలి

ఒకప్పుడు ఇదంతా ఎర్రగడ్డ దాకా వెళ్లాల్సిన పని. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. ముద్దాయి స్థితిపై ఇచ్చిన అభిప్రాయం మీద అప్పీలు వస్తే, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగాధిపతి, దగ్గరి వైద్య కళాశాల మానసిక వైద్య అధ్యాపకుడు కలిసి బోర్డుగా కూర్చోవాలని చట్టమే చెబుతోంది. అంటే చట్టం కోరిన మనుషులు ఇప్పుడు జిల్లాలోనే ఉన్నారు.

కావాల్సింది క్రమం. హత్య కేసులో రిమాండ్ అయిన ప్రతి ఒక్కరికీ మొదటి వారంలోనే మానసిక పరీక్ష జరగాలి. కల్లు అలవాటు ఉందా అని అడిగి రాయాలి, నమూనా తీసి దాచాలి. పాత వైద్యం ఉందని ఇంటివాళ్లు చెబితే దర్యాప్తు అధికారి ఆ రికార్డు తెప్పించి చార్జిషీటుతో పాటు జత చేయాలి. ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బుకు మందులు వాడుతుంటే, ఆ ఓపీ చీటీలు, మందుల పట్టీలు పారేయకుండా తేదీల వారీగా దాచుకోవడం కుటుంబం చేయగల మేలు. అంతకన్నా పెద్ద మేలు, మాట తేడాగా వస్తోందని, నిద్ర పోవడం లేదని గమనించిన రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే టెలీ మానస్ నంబరు 14416 ఉంది. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. చాలా కేసుల్లో, కోర్టు ఏళ్ల తర్వాత వెతికే జవాబు ఆ మొదటి చీటీ మీదే ఉంటుంది. ఆ చీటీ సకాలంలో రాయించిన ఇళ్లలో కొన్ని కేసులు అసలు పుట్టకుండానే పోతాయి.